రూపం ఎవరిది? భయాన్ని తొడుక్కునే జీవులు, వాటి వెనకున్న కథలు

ఎదురుగా నిలబడ్డ మనిషి దేనికి ఎక్కువ భయపడతాడో కనిపెట్టి, సరిగ్గా ఆ రూపంలోకి మారిపోయే జీవి ఇప్పటి కాల్పనిక సాహిత్యంలో బాగా పాతుకుపోయింది. స్టీఫెన్ కింగ్ 1986లో ప్రచురించిన 'ఇట్' నవలలో ఊరి కింద మురుగు కాలవల్లో బతికే జీవి ఒక్కో పిల్లవాడికి ఒక్కో రూపంలో కనబడుతుంది. జె.కె. రౌలింగ్ 1999లో తెచ్చిన హ్యారీ పోటర్ మూడో నవలలో 'బొగ్గర్ట్' అనే జీవి బీరువాల్లో, మంచాల కింద చీకట్లో నక్కి ఉంటుంది. తలుపు తీసినవాడు దేనికి హడలిపోతాడో అదే అయి బయటికొస్తుంది. ఇలాంటి జీవుల గురించి చదవగానే తెలుగు పాఠకుల నోట ఒక మాట చటుక్కున వస్తుంది: 'ఇవి మన కామరూపులే కదా! మారీచుడు, శూర్పణఖ, ఘటోత్కచుడు. మన దగ్గర్నుంచే పట్టుకెళ్లారు.'

ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే ఆ నిజం చాలామంది అనుకునే చోట లేదు. అది ఎక్కడుందో తేలాలంటే ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలు. మారిన ఆ రూపాన్ని ఎంచుకున్నది ఎవరు? మారే జీవా, చూసే మనిషా?

మన పురాణాల్లో కామరూపి తన రూపాన్ని తానే ఎంచుకుంటాడు. అతనికి ఒక పని ఉంటుంది, ఆ పనికి పనికొచ్చే వేషం వేసుకుంటాడు. ఇల్వలుడు వండి పెట్టడానికి వాతాపి మేక అవుతాడు. పసిపిల్లలకు పాలు పట్టి, పొట్ట నిమురుతూ 'జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం' అనే అమ్మమ్మలకు ఆ కథ ఇప్పటికీ గుర్తే. పూతన అందగత్తె అవుతుంది. శూర్పణఖ కూడా సినిమాల్లోనూ హరికథల్లోనూ అందగత్తెగానే వస్తుంది. హనుమంతుడు రామలక్ష్మణుల దగ్గరికి మొదటిసారి సన్యాసి వేషంలో వెళ్తాడు. వీటిలో ఒక్క రూపమూ చూసేవాణ్ణి భయపెట్టేది కాదు. అన్నీ నమ్మించేవి, ఆశపెట్టేవి. భయం వేషం ఊడిపోయాక వస్తుంది. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ అయి పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుణ్ణి హడలగొడుతుంటే హాలంతా నవ్వింది. ఆ రూపం ఘటోత్కచుడు కావాలని ఎంచుకున్నది, అతని లెక్క ప్రకారం నడిచింది.

నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన భారతాన్ని మొదలుపెట్టిందే మారువేషాల పర్వంతో. విరాటపర్వంలో పాండవులందరూ వేరే పేర్లతో, వేరే పనుల్లో ఉంటారు. అందులో కీచకుడు చచ్చిన రాత్రిని ఈ చర్చ కోసం ఒకసారి దగ్గరగా చూడాలి. నర్తనశాల చీకటిగా ఉంది. పడక మీద భీముడున్నాడు. అతను రూపమేమీ మార్చుకోలేదు, మారే శక్తీ అతనికి లేదు, ఊరికే కదలకుండా ఉన్నాడు. అలంకరించుకుని వచ్చిన కీచకుడు ఆ ఆకారాన్ని సైరంధ్రి అనుకుని ముచ్చట్లు మొదలుపెడతాడు. అక్కడ మల్లయోధుడి ఒంటికి ఆడరూపం తొడిగింది ఎవరు? కీచకుడి కోరికే. చేతికి తగిలేదాకా ఆ రూపం చెక్కుచెదరలేదు. మారే జీవే అక్కర్లేకుండా రూపం మారిందన్నమాట. ఆధునిక భయజీవి అసలు బంధువులను ఈ వైపు వెతకాలి.

బొగ్గర్ట్‌కు సొంత రూపమంటూ ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఒంటరిగా ఉన్నప్పుడు అదెలా ఉంటుందో చూసినవాడు లేడు. చూడటానికి ఎవరైనా వెళ్తే వాళ్ల భయం రూపంలోకి అది అప్పటికే మారిపోయి ఉంటుంది. అదే జీవి నెవిల్ అనే కుర్రాడికి తనను రోజూ చీవాట్లు పెట్టే మాస్టారుగా కనబడుతుంది. తోడేలు మనిషిగా మారే శాపమున్న లూపిన్ ముందు నిండు చంద్రుడిలా గాల్లో తేలుతుంది. పక్కవాడికి చంద్రుడంటే భయమేముంది? అందుకే ఆ దృశ్యం అంత బలంగా ఉంటుంది. బొగ్గర్ట్ రూపం చూస్తే ఎదుటివాడి రహస్యం బయటపడుతుంది. 'ఇట్'లోనూ ఇదే సూత్రం. రోగాల భయం నూరిపోసే తల్లి దగ్గర పెరిగిన ఎడ్డీకి అది కుష్ఠురోగిగా కనబడుతుంది. తోడేలు మనిషి సినిమా చూసొచ్చిన రిచీకి తోడేలు మనిషి అవుతుంది. ఒక పాప ఇంట్లో బాత్‌రూమ్ సింకులోంచి రక్తం ఎగజిమ్మి గోడలన్నీ తడిస్తే, కన్నతండ్రికి ఒక్క చుక్క కూడా కనబడదు. పెద్దవాళ్లకు కనబడని భయంతో పిల్లలు ఒంటరిగా బతకాల్సి రావడమే ఆ నవలలో అన్నిటికన్నా కలవరపెట్టే విషయం. దాని ముందు కోరలు, రక్తం ఏపాటివి?

మరి ఈ ఊహ ఎక్కడి నుంచి వచ్చింది? కింగ్ విషయంలో ఆయనే చెప్పుకున్నాడు. 1978లో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో ఉన్నప్పుడు ఒక చెక్క వంతెన దాటుతుంటే, వంతెన కింద కాపు కాసే భూతం, దాన్ని దాటాల్సిన మూడు మేకల పిల్లల కథ గుర్తొచ్చిందట. ఆ వంతెనే ఊరైంది, కింద ఉన్న భూతం మురుగు కాలవల్లోకి దిగింది. చిన్నప్పుడు సినిమాల్లో చూసిన భూతాలన్నిటినీ ఒకే పుస్తకంలోకి తేవాలన్న ఆశ కూడా ఉండేదని ఆయన చెప్పాడు. అన్ని భూతాలనూ ఒకే కథలో ఇరికించాలంటే అవన్నీ ఒకే జీవి వేషాలు కావడం కన్నా తేలికైన దారేముంది? అంటే 'ఇట్'లో రూపాలు మారడం కథ కట్టే అవసరంలోంచి కూడా పుట్టింది. ప్రేరణల కోసం పురాణాలు తిరగేసేవాళ్లు ఇలాంటి మామూలు కారణాలను తరచూ వదిలేస్తారు.

బొగ్గర్ట్ సంగతి వేరు. ఆ పేరు రౌలింగ్ పుట్టించింది కాదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని లాంకషైర్, యార్క్‌షైర్ పల్లెల్లో బొగ్గర్ట్ అంటే ఇంటిని పట్టుకుని వేధించే చిల్లర దెయ్యం. పాలు విరగ్గొడుతుంది, నిద్రపోయేవాళ్ల దుప్పటి లాగేస్తుంది. దీని బాధ పడలేక ఒక రైతు కుటుంబం సామాను బండికెత్తి ఇల్లు మారుతుంటే, ఆ సామానులోంచే బొగ్గర్ట్ 'అవును, మనం ఇల్లు మారుతున్నాం' అని గొంతు కలిపిందని అక్కడ ఒక కథ. జంతువుల రూపాల్లో కనబడటం ఆ జానపద బొగ్గర్ట్‌కూ ఉంది. మనసు చదవడం మాత్రం దాని లక్షణం కాదు. అది తర్వాత అతికిన గుణం. పేరు పల్లెకథల నుంచి, గుణం మరెక్కడి నుంచో.

ఆ 'మరెక్కడో' గురించి ఊహించడానికి ఇరవయ్యో శతాబ్దపు సాహిత్యంలో ఆధారాలు బాగానే దొరుకుతాయి. జార్జ్ ఆర్వెల్ 1949 నాటి నవల '1984'లో 101వ నంబరు గది ఉంది. లోకంలోకెల్లా భయంకరమైనది అందులో ఉంటుంది, అదేమిటన్నది మాత్రం లోపలికి తెచ్చిన మనిషిని బట్టి మారుతుంది. కథానాయకుడికి అది ఎలుకలు. అక్కడ మాయ లేదు, మంత్రం లేదు, ప్రతి మనిషి ఫైలూ దగ్గర పెట్టుకున్న ప్రభుత్వం ఉంది. బొగ్గర్ట్ తన ఒంటితో చేసే పనిని ఆ గది పోలీసు నిఘాతో చేస్తుంది. మరుసటి ఏడు, 1950లో వచ్చిన రే బ్రాడ్‌బరీ 'మార్షియన్ క్రానికల్స్'లో ఒక కథ దీనికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. అంగారకుడి మీద స్థిరపడిన ముసలి దంపతుల దగ్గరికి చనిపోయిన కొడుకు తిరిగొస్తాడు. వచ్చింది అక్కడి స్థానిక జీవి. ఎదుటివాళ్లు ఎవరి కోసం తపిస్తున్నారో వాళ్లలా మారకుండా ఉండటం దాని వశంలో లేదు. ఊళ్లోకి వెళ్లేసరికి జనమంతా చుట్టుముడతారు, ఒక్కొక్కరికి ఒక్కొక్కరు కనబడతారు, అన్ని ముఖాల మధ్య నలిగి ఆ జీవి చచ్చిపోతుంది. భయం ఉన్న చోట కోరిక పెట్టి చూస్తే ఇది బొగ్గర్టే. 'ఎదుటివాడి మనసే అచ్చు, జీవి అందులో పోసే మైనం' అన్న ఆలోచన ఇంత స్పష్టంగా అప్పటికే ఉంది.

1938లో జాన్ క్యాంప్‌బెల్ రాసిన 'హూ గోస్ దేర్?' కథను కూడా ఈ వరసలో చేర్చడం మామూలైపోయింది. అంటార్కిటికా మంచులో దొరికిన జీవి మనుషుల్ని మింగి అచ్చం వాళ్లలాగే తయారవుతుంది. దాన్ని ఇక్కడ చేర్చడం అంత సరికాదు. ఆ జీవి ఎవరి భయాన్నీ చదవదు, దాక్కోవడానికి మారుతుంది. పనికోసం వేషం వేసే మారీచుడికి అది దగ్గర చుట్టం.

మన పల్లెల దెయ్యాల దగ్గరికొద్దాం. పెన్నా ఒడ్డు వరి మళ్లలోనైనా, ఉదయగిరి కొండల కింద మెట్ట ఊళ్లలోనైనా దెయ్యానికి రూపమూ, అడ్రసూ రెండూ ఉంటాయి. ఫలానా చింతచెట్టు, ఫలానా మోటబావి. తెల్లచీర, విరబోసిన జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు. కొరివిదెయ్యమైతే దూరంగా చీకట్లో కదిలే మంట. ఎవరు చూసినా అదే కనబడాలి, లేకపోతే ఊరు నమ్మదు. ఇవేవీ మనిషిని చదివి మారేవి కావు. ఒక్క బూచోడే మినహాయింపు. 'అన్నం తినకపోతే బూచోడొస్తాడు' అని ప్రతి తల్లీ అంటుంది, బూచోడు ఎలా ఉంటాడో ఏ తల్లీ చెప్పదు. గడ్డం ఉంటుందా, గోతం మోస్తాడా, కాళ్లెన్ని? అవన్నీ పిల్లవాడే నింపుకోవాలి. అందుకే ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లల బూచోళ్లు ఒకేలా ఉండరు. బీరువాలో నక్కిన బొగ్గర్ట్‌కు మన దగ్గర నిజంగా దగ్గరివాడు ఈ బూచోడు. రాక్షసులను వెతుక్కుంటూ లంక దాకా పోయేవాళ్లకు వంటింటి గడప దగ్గర ఉన్న ఇతను కనబడడు.

భయానికి రూపం వెతికే ఆచారం కూడా ఇళ్లలో ఉంది. పిల్లాడికి ఉన్నట్టుండి జ్వరం కాసి, నిద్రలో ఉలిక్కిపడుతుంటే పెద్దవాళ్లు 'ఏం చూసి జడుసుకున్నాడో' అంటారు. తాయెత్తు కట్టిస్తారు, మసీదు దగ్గరికి తీసుకెళ్లి ఊదిస్తారు, ఉప్పు, మిరపకాయలతో దిగదుడుస్తారు. కొన్ని ఇళ్లలో పటిక ముక్కను పిల్లాడి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. పటికలో చిక్కుకున్న నీరు ఆవిరై పోతుంటే ముక్క కరిగి, బుడగలు పోసుకుని, తెల్లగా వంకరటింకరగా ఉబ్బుతుంది. చల్లారాక దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూస్తారు. ఒకరికి తోక కనబడుతుంది, 'కుక్కే, వీధి చివర నల్లకుక్కే' అంటారు. ఇంకొకరు అదే తోకను తొండమంటారు, మొన్న ఊళ్లోకొచ్చిన గుడి ఏనుగును గుర్తు చేస్తారు. పటికకు పిల్లాడి మనసు తెలియదు. చూసేవాళ్లకు పిల్లాడి గురించి తెలిసిందంతా ఆ తెల్ల ముద్దలోకి దిగుతుంది. జ్వరానికి డాక్టరే దిక్కు, అందులో అనుమానం లేదు. కానీ పేరు పెట్టిన భయం సగం తగ్గుతుందన్న తెలివి ఆ ఆచారంలో ఉంది. ఈ సంగతిని భయజీవుల కథలు రాసేవాళ్లు కూడా బాగా వాడుకున్నారు.

ఇక మొదటి మాటలో ఉన్న నిజం ఎక్కడుందో చెప్పుకోవచ్చు. అది మారీచుడిలోనే ఉంది, కాకపోతే బంగారు లేడి అయిన మారీచుడిలో కాదు. వాల్మీకి అరణ్యకాండలో సీతను ఎత్తుకురావడానికి సాయం చేయమని రావణుడు వచ్చినప్పుడు మారీచుడు తన గతం చెప్తాడు. విశ్వామిత్రుడి యాగం దగ్గర రాముడి బాణం అతన్ని ఎత్తి సముద్రంలో పడేసింది. బుద్ధి రాలేదు. మళ్లీ మరో ఇద్దరితో కలిసి దండకలో మృగరూపంలో తిరిగాడు, అప్పుడు అందాల లేడి కాదు, వాడి కొమ్ములతో మాంసం తినే భయంకర మృగం. రాముడు మూడు బాణాలు వేశాడు, ఇద్దరు చచ్చారు, ఇతను తప్పించుకున్నాడు. అప్పటి నుంచి తపస్సు చేసుకుంటున్నాడు. ఆ తర్వాత అతను అనే మాటలు విశేషమైనవి: చెట్టు చెట్టుకూ నారబట్టలు కట్టి, విల్లు పట్టిన రాముడే కనబడుతున్నాడు. ఎవరూ లేని చోట రాముడు. కలలో రాముడు. 'ర'తో మొదలయ్యే మాట, రథమన్నా రత్నమన్నా సరే, వింటేనే వణుకు.

జీవితమంతా రూపాలు మార్చి మునులను భయపెట్టినవాడికి ఇప్పుడు అడవి రూపం మార్చి చూపిస్తోంది. చెట్లకు ఏ మాయా తెలియదు. రాముడు ఆ చుట్టుపక్కల లేనే లేడు. రూపమంతా మారీచుడి లోపలి నుంచే వస్తోంది. బొగ్గర్ట్ ముందు నిలబడ్డ మనిషి పరిస్థితి ఇది. ఆ వరసలోనే భాగవతంలో కంసుడు ఉన్నాడు. కూర్చున్నా, పడుకున్నా, తింటున్నా, తిరుగుతున్నా విష్ణువే కనబడి లోకమంతా అతనితో నిండిపోయిందని దశమస్కంధం చెబుతుంది. చివరికి కృష్ణుడు మల్లరంగంలోకి అడుగుపెట్టినప్పుడు మల్లులకు పిడుగులా, ఆడవాళ్లకు మన్మథుడిలా, తల్లిదండ్రులకు పసివాడిలా, కంసుడికి మృత్యువులా కనబడతాడు. ఒకే బాలుడు, ఒకే క్షణం, చూసేవాడి గుండెను బట్టి రూపం. చూసేవాడే రూపం నిర్ణయిస్తాడన్న సూత్రాన్ని ఇంత సూటిగా చెప్పిన చోటు వెతికితే దొరకడం కష్టం.

నృసింహ కథను ఈ కోణంలోంచి చదివితే ఇంకో పొర బయటపడుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నరసింహస్వామి లేని దిక్కు లేదు. పెంచలకోన, నెల్లూరు దగ్గర నరసింహకొండ, సింగరాయకొండ, శనివారం మాత్రమే తలుపులు తెరిచే మాలకొండ. నృసింహపురాణం రాసిన ఎర్రన కూడా గుడ్లూరువాడే. హిరణ్యకశిపుడు అడిగిన వరాన్ని ఒకసారి గమనిస్తే, అది ధైర్యవంతుడు రాసుకున్న కాగితంలా ఉండదు. మనిషి వల్ల చావకూడదు, మృగం వల్ల చావకూడదు, పగలు వద్దు, రాత్రి వద్దు, ఇంట్లో వద్దు, బయట వద్దు, నేల మీద, నింగిలో, ఆయుధంతో వద్దు. అది భయాల జాబితా. స్తంభంలోంచి వచ్చిన రూపం ఆ జాబితాను ఒక్కొక్క మాటా చదువుకుని, సందుల్లోంచి తయారైనట్టు ఉంటుంది. సగం మనిషి, సగం మృగం, సంధ్యవేళ, గడప మీద, ఒడిలో, గోళ్లతో. ఆ రూపానికి కొలతలిచ్చింది హిరణ్యకశిపుడే. అయితే భక్తుల కథ అక్కడితో ఆగదు. ఆ ఉగ్రాన్ని చెంచులక్ష్మి చల్లార్చిందని పెంచలకోన స్థలపురాణం చెప్తుంది. భయం రూపం కట్టాక దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న మనవాళ్లనూ వదల్లేదు.

ఇన్ని పోలికలున్నాయి కాబట్టి కింగ్, రౌలింగ్ ఇక్కడి నుంచి తీసుకున్నారని అనొచ్చా? అనకూడదు. ప్రేరణ అనే మాట వాడాలంటే రచయిత ఒప్పుకోలైనా ఉండాలి, లేదా యాదృచ్ఛికం అనలేనంత విచిత్రమైన వివరమైనా రెండు చోట్లా ఒకటే కావాలి. కింగ్ వంతెన కథ మొదటి రకం. రౌలింగ్ వాడిన బొగ్గర్ట్ పేరు రెండో రకం. మారీచుడి చెట్లకూ బొగ్గర్ట్‌కూ మధ్య అలాంటి దారం ఏదీ లేదు. భయపడ్డవాడి కంటికి తాడు పామవుతుందని వేదాంతులు వందల ఏళ్లుగా చెప్తున్నారు. చీకటి పడ్డాక గట్టు మీద నడిచిన ప్రతి రైతుకూ అది సొంత అనుభవం. ఆ అనుభవం ఉన్న ప్రతి చోటా ఈ కథ విడిగా పుట్టగలదు. 'అంతా మన దగ్గర్నుంచే' అనడం వల్ల మన కథల విలువ పెరగదు, పైగా వాటిలో నిజంగా ప్రత్యేకమైనది కనబడకుండా పోతుంది.

ఆ ప్రత్యేకత ముగింపుల్లో ఉంది. హోమర్ కావ్యంలో సముద్రదేవుడు ప్రోటియస్ సింహమై, పామై, నీరై, చెట్టై మారుతుంటే మెనెలాయస్ పట్టు వదలకుండా గెలుస్తాడు. బొగ్గర్ట్‌ను నవ్వు ఓడిస్తుంది, మాస్టారికి నానమ్మ గౌను తొడిగి నవ్వగానే దాని పని అయిపోతుంది. 'ఇట్'లో పిల్లలు జట్టు కట్టి నిలబడతారు. వీటిలో ఎక్కడా ఎవరూ ఆ జీవితో మర్యాదగా మాట్లాడటంతో మొదలుపెట్టరు.

అరణ్యపర్వంలో నన్నయ వదిలిన భాగాన్ని పూర్తిచేసిన ఎర్రన వంతుకొచ్చిన కథల్లో యక్షప్రశ్నలు ఉన్నాయి. దాన్ని ప్రశ్న, జవాబుల కోసమే చదివి వదిలేస్తాం గానీ, అది రూపాలు మారే జీవి కథ. ఒక బ్రాహ్మణుడు నిప్పు రాజేసుకునే అరణిని కొమ్ములకు తగిలించుకుని లేడి పారిపోతుంది. దాన్ని తరుముతూ వెళ్లి దప్పికగొన్న నలుగురు తమ్ముళ్లు కొలను ఒడ్డున పడిపోయి ఉంటారు. ధర్మరాజు ఏడుస్తూనే పరిశీలిస్తాడు. ఒంటి మీద గాయం లేదు, నేల మీద శత్రువు అడుగు జాడ లేదు. నాచు, చేపలు తిని బతికే కొంగను నేను, వీళ్లను చంపింది నేనే అంటుంది ఒక గొంతు. ఇది పక్షి చేయగల పని కాదు, ఏ దేవతవు నువ్వు అని అడుగుతాడతను. అప్పుడు తాటిచెట్టంత యక్షుడు వికారమైన కళ్లతో ఎదుట నిలబడతాడు. ధర్మరాజు పారిపోడు, బాణం తీయడు, నవ్వడు. అడుగు, తెలిసినంత చెప్తానంటాడు. అన్నీ అయ్యాక కూడా మళ్లీ అదే సందేహం: ఇంతటివాడివి, నువ్వు ఉత్త యక్షుడివి కావు, నిజంగా ఎవరు నువ్వు? లేడీ, కొంగా, యక్షుడూ తానేనని, తాను అతని తండ్రి యమధర్మరాజునని అప్పుడు జవాబొస్తుంది.